నొక్కితే పలకని కొత్త పెట్టె

రండి, ఆ పీట ఇలా లాక్కుని మంటకు దగ్గరగా కూర్చోండి. మా ములకలపల్లి చలి సంగతి మీకు తెలిసిందే కదా, పొద్దుగూకిందంటే అడవి మీదుగా దిగుతుంది. ఇవాళ మీతో కంప్యూటర్ కబుర్లు చెప్పాలని ఉంది. మంట దగ్గర కంప్యూటర్ ఏమిటని అనుకోకండి. ఈ మధ్య మన వైపు పిల్లలు తయారు పెట్టె కొనడం తగ్గించి, విడిభాగాలు తెచ్చుకుని తామే బిగించుకుంటున్నారు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ అంతా తిరిగి, ధరలు బేరమాడి, అట్టపెట్టెలన్నీ మణుగూరు ఎక్స్‌ప్రెస్‌లో వేసుకుని కొత్తగూడెంలో దిగుతారు (స్టేషన్ పేరు భద్రాచలం రోడ్, ఊరు కొత్తగూడెం). అక్కడి నుంచి బస్సులో ఒళ్లో పెట్టుకుని పసిబిడ్డను తెచ్చినట్టు తెస్తారు. నాకు అది చూస్తే ఎంత ముచ్చటో.

రాత్రంతా కూర్చుని బిగిస్తారు. తెల్లారి బటన్ నొక్కుతారు. ఉలుకూ పలుకూ ఉండదు. ఫ్యాను తిరగదు, దీపం వెలగదు. అప్పుడు ఆ పిల్లల మొహం చూడాలి. నెలల తరబడి దాచిన డబ్బు, ఇంట్లో వాళ్లను ఒప్పించడానికి పడిన తిప్పలు, అన్నీ ఒక్కసారి గుర్తొస్తాయి. వెంటనే మనసు అన్నిటికంటే ఖరీదైన దాని మీదికే పోతుంది. ప్రాసెసర్ కాలిపోయిందేమో, మదర్‌బోర్డు పోయిందేమో అని. నేను చెప్పేది ఒకటే: అనుమానం ఖరీదును బట్టి పడకూడదు, కరెంటు వచ్చే దారిని బట్టి పడాలి. గోడ దగ్గర మొదలుపెట్టి, కరెంటు ఎట్లా నడుస్తుందో మనమూ అట్లాగే దాని వెంట నడవాలి. కొత్త పెట్టెలో చెడిపోయిన భాగం కంటే సరిగా కలవని తీగే ఎక్కువ సార్లు దొరుకుతుంది.

ఈ విద్య మన రైతులకు ఎప్పుడో వచ్చు. బోరు మోటారు స్టార్టర్ గుర్తు తెచ్చుకోండి. పచ్చ బటన్ నొక్కుతాం. మోటారుకు పోయే కరెంటు ఆ బటన్‌లోంచి పోదు. బటన్ లోపలి కాయిల్‌కు చిన్న కబురు పంపుతుంది, కాయిల్ పట్టుకుంటుంది, అప్పుడు అసలు కరెంటు మోటారుకు పోతుంది. కంప్యూటర్ ముందున్న బటన్ కూడా అంతే. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ పద్ధతి తెచ్చేదాకా పెట్టె ముందు స్విచ్చులోంచి నేరుగా ఇంటి కరెంటే పోయేది. ఇప్పుడు అలా కాదు. ప్లగ్గు పెట్టి వెనక స్విచ్చు వేయగానే ఎస్‌ఎంపీఎస్ (ఇంటి కరెంటును చిన్న వోల్టులుగా మార్చి పెట్టెకు ఇచ్చే డబ్బా) ఒక సన్నటి 5 వోల్టుల ధారను మదర్‌బోర్డుకు పంపుతూనే ఉంటుంది. మీరు బటన్ నొక్కితే బోర్డు ఆకుపచ్చ తీగ మీద ఎస్‌ఎంపీఎస్‌ను లేపుతుంది. అప్పుడు 12, 5, 3.3 వోల్టులు వస్తాయి. అవి నిలకడగా ఉన్నాయని ఎస్‌ఎంపీఎస్ తిరిగి కబురు చేస్తేనే ప్రాసెసర్ కళ్లు తెరుస్తుంది. ఇదంతా సెకనులోపే. ఇందులో ఏ అంచె దగ్గర కబురు ఆగిందో కనుక్కోవడమే మన పని.

సరే, గోడ దగ్గర నిలబడదాం. ఆ సాకెట్‌లో సెల్‌ఫోన్ చార్జర్ పెట్టి చూశారా? ఫ్యాను వెలుగుతోందా, బల్బు తిరుగుతోందా అని తడబడేంత కంగారులో ఉంటారు పిల్లలు, అందుకే ఇది ముందు అడుగుతాను. తర్వాత పెట్టె వెనక ఉన్న చిన్న స్విచ్చు. దాని మీద ఒక నిలువు గీత, ఒక సున్నా ఉంటాయి. గీత వైపు నొక్కితేనే ఆన్. తర్వాత కరెంటు తాడు. కొత్త తాడు బిగువుగా ఉంటుంది, లోపలికి పూర్తిగా దిగిందనిపిస్తుంది గానీ దిగదు. ఇంకో తాడు పెట్టి చూడండి. ఎక్స్‌టెన్షన్ బోర్డు తీసేసి నేరుగా గోడకే పెట్టండి. మన గూడేల్లో ఇంకో చిక్కుంది. పొలాల్లో మోటార్లన్నీ ఒకేసారి వేస్తే వోల్టేజీ కుంగిపోతుంది. మంచి ఎస్‌ఎంపీఎస్ మీద 100–240 అని రాసి ఉంటుంది, అది తట్టుకుంటుంది. 200–240 అని రాసి ఉన్నది ఆ కుంగుడులో మొరాయించవచ్చు. కొనేటప్పుడు ఆ చిన్న అక్షరాలు చదవమని ప్రతివాడికీ చెబుతాను.

గోడ పని అయ్యాక పెట్టె పక్క తలుపు తీయండి. కొన్ని బోర్డుల మీద ప్లగ్గు పెట్టగానే ఒక చిన్న దీపం వెలుగుతుంది. అది వెలిగితే సగం ఊరట. గోడ, తాడు, ఎస్‌ఎంపీఎస్ ఇచ్చే సన్నటి ధార, మూడూ బాగున్నట్టే. ఇక చిక్కు బటన్ దగ్గరో, ఆ తర్వాతో ఉంది. క్యాబినెట్ బటన్ నుంచి సన్నటి తీగల జత వచ్చి బోర్డు కింది మూలన పిన్నులకు తగలాలి. ఇంటెల్ పద్ధతిలో ఉన్న బోర్డు అయితే పవర్ బటన్‌కు 6, 8 పిన్నులు. రీసెట్‌వి పక్కనే 5, 7. ఒక్క వరస జరిగినా బటన్ మూగబోతుంది. మసక వెలుతురులో, వంగి, వేళ్లు దూరని సందులో పెట్టాలి మరి. అక్కడ మాన్యువల్ దగ్గర పెట్టుకోవడం తప్పదు. అనుమానం తీర్చుకోవాలంటే ఆ తీగలు తీసేసి, స్క్రూడ్రైవర్ మొనతో ఆ రెండు పవర్ పిన్నులను క్షణం పాటు కలిపి వదలండి. అక్కడుండేది బెదరాల్సిన కరెంటు కాదు, చిన్న వోల్టేజీ. పక్క పిన్నులకు మాత్రం తగలనివ్వకండి. అలా కలిపితే పెట్టె లేచిందనుకోండి, బటన్‌దో దాని తీగదో తప్పు.

లేవలేదా? పెద్ద తీగలు చూడండి. 24 పిన్నుల లావు ప్లగ్గు టక్కుమని కొక్కెం పడేదాకా దిగాలి. ప్రాసెసర్‌కు విడిగా పైమూలన 4 పిన్నులదో 8 పిన్నులదో ఇంకోటి ఉంటుంది. పిల్లలు ఎక్కువగా మరిచిపోయేది దీన్నే. బోర్డు క్యాబినెట్‌లో బిగించాక ఆ మూలకు చెయ్యి పోదు, తర్వాత పెడదామని వదిలేస్తారు. గ్రాఫిక్స్ కార్డుకు పోయే 8 పిన్నుల ప్లగ్గు చూడటానికి దీనిలాగే ఉంటుంది గానీ అచ్చు వేరు. దూరకపోతే బలవంతం చేయొద్దు. ఇంకో మాట గట్టిగా చెబుతాను. తీగలు ఊడదీసే రకం ఎస్‌ఎంపీఎస్ అయితే దాని తీగలే దానికి వాడాలి. పాత దాని తీగ కొత్త దానికి సరిపోయినట్టే ఉంటుంది, కానీ ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల వరస ఒక్కో కంపెనీది ఒక్కో రకం. 5 వోల్టులు పోవాల్సిన చోట 12 పోతే డిస్కులు, బోర్డులు నిజంగానే కాలిపోతాయి.

ఇక్కడ ఒక కుర్రాడి సంగతి చెప్పాలి. పక్క గూడెం కోయ పిల్లవాడు, డిప్లొమా చదువుతున్నాడు. బైకు వెనక తమ్ముణ్ని కూర్చోబెట్టి, వాడి ఒళ్లో క్యాబినెట్ పెట్టి తెచ్చాడు. "అన్నా, నొక్కితే ఫ్యాను ఒక్కసారి కదులుద్ది, ఆగిపోద్ది. మళ్లీ నొక్కితే అసలు కదలదు" అన్నాడు. ఆ ఒక్క వాక్యంలో సగం జవాబు వాడే చెప్పేశాడు. ఫ్యాను కదిలిందంటే కబురు అందింది. వెంటనే ఆగిందంటే ఎక్కడో షార్టు ఉంది, ఎస్‌ఎంపీఎస్ తనను తాను కాపాడుకుంటోంది. మోటారు మీద బరువు పడితే స్టార్టర్‌లో రిలే ట్రిప్ అయ్యి, మళ్లీ రీసెట్ నొక్కేదాకా పలకదు చూడండి, అదే పద్ధతి. ఎస్‌ఎంపీఎస్ కూడా ప్లగ్గు తీసి కాసేపు ఆగితే గానీ మళ్లీ తేరుకోకపోవచ్చు. రెండోసారి కదలకపోవడానికి కారణం అదే.

ప్లగ్గు తీసి, బోర్డు మొత్తం విప్పి బయటికి తీయించాను. క్యాబినెట్ పళ్లెం మీద బోర్డును ఎత్తి పట్టే ఇత్తడి బుడిపెలు ఉంటాయి. పెద్ద బోర్డుకు కొన్ని, చిన్న బోర్డుకు కొన్ని. వాడిది చిన్న బోర్డు. కంపెనీ వాళ్లు పెద్ద బోర్డు కోసం ముందే బిగించిన ఒక బుడిపె, ఈ బోర్డులో కంత లేని చోట, సరిగ్గా వెనకవైపు సోల్డర్ మీద ఆనుతోంది. దాన్ని విప్పేశాం. మదర్‌బోర్డు వచ్చిన అట్టపెట్టెనే బల్ల మీద పెట్టి, దాని మీద బోర్డు ఉంచి, ప్రాసెసర్, దాని ఫ్యాను, ఒకే ఒక్క ర్యామ్ కడ్డీ పెట్టి పిన్నులు కలిపించాను. ఫ్యాను తిరిగింది, నిలబడింది. వాడి తమ్ముడు గెంతులేశాడు.

నిజానికి ఈ పని బిగించిన తర్వాత కాకుండా ముందే చేయాలని నా పట్టు. 2024 ఆగస్టు 15న మన మండలంలోనే, పూసుగూడెంలో సీతారామ ప్రాజెక్టు పంపుహౌసును ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి ప్రారంభించారు. ఆ రోజు మీట నొక్కడానికి ముందే ట్రయల్ రన్ చేసి చూసుకున్నారు. అంత పెద్ద మోటార్లకే ట్రయల్ రన్ ఉన్నప్పుడు మన పెట్టెకు ఎందుకు ఉండకూడదు? అట్టపెట్టె మీద ఒకసారి లేపి చూసుకుని, తర్వాత క్యాబినెట్‌లో బిగిస్తే, తర్వాత ఏదన్నా ఆగినా కారణం బిగింపులోనే ఉందని ముందే తెలిసిపోతుంది. అర్ధరాత్రి వెతుకులాట తప్పుతుంది.

బల్ల మీద కూడా లేవకపోతే ఎస్‌ఎంపీఎస్‌ను ఒంటరిగా పరీక్షించాలి. దాన్ని అన్నిటినుంచీ విడదీసి, ఒక్క ఫ్యాను మాత్రం తగిలించి, ప్లగ్గు తీసి ఉండగా 24 పిన్నుల ప్లగ్గులో ఆకుపచ్చ తీగను ఏదో ఒక నల్ల తీగతో పేపర్ క్లిప్పుతో కలపాలి. ఆ తర్వాతే ప్లగ్గు పెట్టి స్విచ్చు వేయాలి. ఈ రోజుల్లో తీగలన్నీ నల్లగానే ఇస్తున్నారు, అప్పుడు మాన్యువల్‌లో 16వ పిన్ను ఏదో చూసుకోవాలి. బరువు లేకపోతే తన ఫ్యానును తిప్పని ఎస్‌ఎంపీఎస్‌లు కూడా ఉన్నాయి, అందుకే విడి ఫ్యాను తగిలించమన్నది. తిరిగితే అది లేస్తున్నట్టు. తిరగకపోతే దుకాణానికి పంపాల్సింది అదే. దాని డబ్బా మూత మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ విప్పొద్దు. లోపల కెపాసిటర్లలో మూడు వందల వోల్టుల పైనే నిలవుంటుంది, ప్లగ్గు తీశాక కూడా. మిగతా పెట్టెలో ఎంత ధైర్యం చెబుతానో, ఈ ఒక్క చోట అంత భయం చెబుతాను.

ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర మాత్రం నల్లగా ఉందంటారా, అది వేరే కథ, కరెంటు తన పని తాను చేసింది. ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉందా చూడండి. ఇంటెల్ వాటిలో ఎఫ్ ఉంటే బొమ్మ చూపే భాగం అందులో ఉండదు, కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకే పెట్టాలి. 2022లో వచ్చిన రైజెన్ 7000 రకం, డీడీఆర్5 ర్యామ్ అయితే మొదటిసారి ర్యామ్‌ను సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకోవచ్చు. తెర నల్లగా ఉందని మధ్యలో ఆపేస్తే మళ్లీ మొదటికే. అంతసేపూ దాన్ని ముట్టుకోకండి. అది కూడా కాకపోతే ర్యామ్ కడ్డీ తీసి రెండు చివర్లూ టక్కుమనేలా మళ్లీ నొక్కండి. పాత బోర్డులో కొత్త ప్రాసెసర్ పెడితే బోర్డులోని బయోస్ దాన్ని గుర్తుపట్టకపోవచ్చు, కొనే ముందే దుకాణంలో అడిగి బయోస్‌ను అప్‌డేట్ చేయించుకోవాలి.

ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, మన పిల్లల్లో ఒక జంకు ఉంది. ఇది పట్నం వాళ్ల విద్య అని, పాడైతే ఖమ్మమో హైదరాబాదో మోసుకుపోవాల్సిందే అని. నాకు ఆ మాట వింటే బాధ. 1966 నుంచి పాల్వంచ కేటీపీఎస్‌లో కరెంటు పుడుతోంది. ఆ పాత స్టేషన్ల ఎనిమిది కూలింగ్ టవర్లను 2024 ఆగస్టు 5న కూల్చారు గానీ, అక్కడే 2018లో 800 మెగావాట్ల కొత్త యూనిట్ వచ్చింది. కంప్యూటర్ సంగతికొస్తే, మన డాక్టర్ ఏ.ఎస్. రావు నడిపిన హైదరాబాద్ ఈసీఐఎల్ 1969 నాటికే టీడీసీ-12 అనే కంప్యూటర్‌ను తయారుచేసింది. కరెంటు పుట్టే నేల మీద, కంప్యూటర్ చేసిన రాష్ట్రంలో పుట్టి, 12 వోల్టుల తీగకు జంకడమా?

మంట ఆరేలోపు ఇంకొక్కటి. పెట్టె లేచాక దాని ఇనుప అంచును వేలితో తాకి చూడండి. సన్నగా జిల్లుమందా? అయితే మీ మూడు కంతల సాకెట్‌లో పెద్ద కంతకు ఎర్తు తీగ లేదన్నమాట. మన ఇళ్లలో చాలాచోట్ల అది అలంకారంగానే ఉంటుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, ఇంటి వెనక తడి ఉండే చోట గుంత తవ్వించి, ఉప్పు, బొగ్గు పోయించి ఎర్తు వేయించండి. వేసవిలో ఆ గుంతలో అప్పుడప్పుడు నీళ్లు పోయండి. ఉరుములు మొదలైతే ప్లగ్గు పీకేయండి. బిల్లు, అట్టపెట్టెలు, వాటి మీద సీరియల్ నంబరు చీటీలు వారంటీ తీరేదాకా అటక మీద దాచండి. ఆ కోయ కుర్రాడు నాలుగు అట్టపెట్టెలూ ఒకదానిలో ఒకటి పెట్టి తాడుతో కట్టి తీసుకుపోయాడు. ఇప్పుడు వాడి తమ్ముడు తనకూ ఒకటి బిగించమని వెంటపడుతున్నాడట.