గోదావరికి అటూ ఇటూ

నది దాటితే యాస మారుతుందనీ, నీళ్ళ రుచి మారుతుందనీ పెద్దలు చెప్పగా విన్నాను. ఆటలో ప్రత్యర్థులు కూడా మారిపోతారని మాత్రం, మొన్న కార్తీకమాసంలో ఆదిలాబాదు పెళ్ళికి బయలుదేరేదాకా నాకు తెలియదు.

మంచిర్యాలలో ఉన్న మా మేనత్తగారిని వెంటబెట్టుకొని పెళ్ళికి వెళ్ళాలి. అందుకని జగిత్యాల, నిర్మల్ దారి మానుకొని, ఒక ఆదివారం ఉదయం కరీంనగరంలో మంచిర్యాల బస్సు ఎక్కాను. నా పక్కన కూర్చున్న కుర్రవాడు రంగు వెలిసిన బనీను ఒకటి తొడుక్కొని ఉన్నాడు. దాని వీపుమీద 'కరీంనగర్' అని పెద్ద అక్షరాలున్నాయి.

"ఏం ఆట ఆడతావు బాబూ?" అని అడిగాను.

"కబడ్డి సార్. కానీ ఇది మా అన్న బనీను. నాది పెద్దపల్లి జట్టు" అన్నాడు.

పాఠకులకు గుర్తుండే ఉంటుంది. 2016 అక్టోబరు 11న, విజయదశమినాడు, తెలంగాణాలోని 10 జిల్లాలు 31 అయినాయి. పాత కరీంనగరం జిల్లా కరీంనగరం, జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల జిల్లాలుగా విడిపోయింది. కొన్ని మండలాలు సిద్దిపేట, వరంగల్లు, భూపాలపల్లి వైపు వెళ్ళిపోయినాయి. పాత ఆదిలాబాదు కూడా ఆదిలాబాదు, నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాదు అని నాలుగయింది. కచేరీలు మారితే కాగితాలు మారతాయని మనం అనుకొంటాం. బనీన్లు కూడా మారతాయని ఎవరికి తోస్తుంది?

"మరి ఈ మార్పు నీకు నచ్చిందా?"

"ఎందుకు నచ్చది సార్! అప్పుడు జిల్లా మొత్తానికి పన్నెండు మందినే తీసుకునేటోళ్ళు. మా అన్న మూడేండ్లు సెలక్షన్లకు పోయి ఉత్త చేతులతోటి వచ్చిండు. నాలుగో ఏడు దొరికింది ఈ బనీను. ఇప్పుడు నాలుగు జిల్లాలకు నలభై ఎనిమిది మంది. నాకు మొదటి ఏడే దొరికింది."

వెనుక సీటులోని నడివయసు ఆసామి ఊరుకోలేకపోయాడు. "అందుకే ఆట గిట్లున్నది! పాత కరీంనగర్ జట్టు వస్తున్నదంటే అవతలోళ్ళకు గుండె దడ. ఇప్పుడు ఒక జిల్లాల కూతకు పోయేటోడున్నడు, ఇంకో జిల్లాల కాలు పట్టేటోడున్నడు. ఇద్దరు కలిస్తె గద జట్టు!"

సుల్తానాబాదు వచ్చేసరికి బస్సులో రెండు పక్షాలు తయారైనాయి. పెద్దపల్లి దాటినా వాదన తెగలేదు. కుర్రవాడు దిగుతూ, "మా అన్నకు కూడా ఈయన మాటే నచ్చుతది సార్!" అని నవ్వి వెళ్ళిపోయాడు.

ఎన్టీపీసీ పొగగొట్టాలు దాటి గోదావరిఖని చేరాము. అక్కడ తెల్లని ధోవతి, మెడలో ఈలతో ఒక వృద్ధుడు ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. ఈ వయసులో ఈల ఎందుకా అనుకొన్నాను. మాటల్లో తెలిసింది, ఆయన ఒకప్పుడు మంచిర్యాలవైపు ఒక కళాశాలలో ఆటలు నేర్పినవాడు. అందరూ 'పీడీ సారు' అంటారట. బస్సు గోదావరి వంతెన మీదికి వచ్చింది. క్రింద కార్తీకస్నానాలు చేసేవారు దూరంగా చుక్కల్లా కనిపిస్తున్నారు. ఆయన నదికి దండం పెట్టి, తన గోడు చెప్పుకొన్నాడు.

కరీంనగరం, ఆదిలాబాదు కళాశాలలు మొదట ఉస్మానియా విశ్వవిద్యాలయం క్రింద ఉండేవి. విశ్వనాథ సత్యనారాయణగారు కరీంనగరం కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉన్న 1959-61 నాటికి అదే పద్ధతి. 1976లో వరంగల్లులో కాకతీయ విశ్వవిద్యాలయం వచ్చింది. రెండు జిల్లాలూ దానిలో చేరాయి. 2008లో కరీంనగరానికి శాతవాహన విశ్వవిద్యాలయం వచ్చింది. కరీంనగరం జిల్లా కళాశాలలు అందులోకి మారాయి. ఆదిలాబాదు జిల్లావి కాకతీయలోనే ఉండిపోయినాయి. వంతెనకు ఇవతల ఒక విశ్వవిద్యాలయం, అవతల మరొకటి!

"నా కాలంల మా పిల్లలను తీసుకొని మంచిర్యాలల రైలెక్కుతుంటి. రామగుండం, పెద్దపల్లి, జమ్మికుంట దాటి కాజీపేటల దిగుడు. వరంగల్లుల ఫైనల్‌కు వస్తిమంటె, ఎదురుగ ఎవరు? గోదావరి ఇవతలి పిల్లలే! పొద్దుగాల కొట్లాట, రాత్రి ఒకటే రైలుల ఒకటే పాట. ఇప్పుడు మా పిల్లలు అదే రైలుల పోతున్నరు. ఆ స్టేషన్లన్ని కిటికీల నుంచి చూసుకుంట పోతున్నరు. ఆ ఊళ్ళోళ్ళతోటి మాత్రం ఆట లేదు" అన్నాడు.

అసలు బాధ ఇంకొకటి ఉన్నది. ఆయన కూతురి బిడ్డ గోదావరిఖనిలో చదువుతున్నది. కొడుకు బిడ్డ మంచిర్యాలలో చదువుతున్నది. వరుసకు వదినా మరదళ్ళు. ఇద్దరికీ కబడ్డి నేర్పింది తాతే. ఇద్దరూ డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నారు. వాళ్ళు ఒకరికొకరు ఎదురుపడాలంటే, ఇద్దరూ తమ తమ విశ్వవిద్యాలయాల జట్లకు ఎంపిక కావాలి. ఆ జట్లు రెండూ దక్షిణ మండలం పోటీలకు వెళ్ళి, అక్కడ జత పడాలి. ఒక ఏడు వదిన ఎంపికైంది, మరదలు కాలేదు. మరొక ఏడు మరదలు అయింది, వదిన కాలేదు.

"పది కోసుల దూరం లేదు సార్! బొగ్గుబాయి పనోళ్ళే నయం. సింగరేణి పోటీలల్ల ఏరియాకో జట్టు. రామగుండం జట్టు, శ్రీరాంపూర్ జట్టు ఎదురుబొదురు ఆడుతయి. వాళ్ళకు గోదావరి అడ్డం రాలే" అని నిట్టూర్చి, ఈల తడుముకొని, "ఇయ్యాల మాత్రం ఆడుతరు. సాయంత్రం రాండ్రి" అని పిలిచాడు.

మా అత్తయ్యగారు పెట్టిన భోజనం చేసి, సాయంత్రం ఆయన చెప్పిన మైదానానికి వెళ్ళాను. ఖని నుంచి ఆరుగురు స్నేహితురాళ్ళతో మనుమరాలు వచ్చింది. ఏ విశ్వవిద్యాలయమూ పిలువలేదు. బస్సు ఖర్చు ఎవరిది వారిదే. తాత అడుగులతో కొలిచి సున్నంతో గీతలు గీశాడు. బహుమతి ఏమంటారా? బుట్టెడు సీతాఫలాలు.

"వదినా, ఇంటికి వస్తె కాళ్ళు కడుగుతం. ఇక్కడికి వస్తె కాళ్ళు పడుతం!" అని మరదలు అనగానే, చుట్టూ చేరినవాళ్ళు గొల్లుమన్నారు. నిజంగానే రెండుసార్లు పట్టుకొన్నది. మూడోసారి వదిన ముగ్గురిని తాకి, బారెడు దూరం ప్రాకి గీత ముట్టుకొన్నది. చివరకు ఖని పిల్లలు రెండు పాయింట్లతో గెలిచారు. తాత ఈల నోట్లో పెట్టుకొన్నాడేగాని, ఊదడం మరచిపోయి చూస్తున్నాడు.

ఆ రాత్రి లాస్ ఏంజిల్స్ నుంచి మా అన్నయ్య కొడుకు ఫోను చేస్తే ఈ సంగతి చెప్పాను. "బాబాయ్, ఇక్కడా ఇదే గొడవ!" అన్నాడు. అక్కడి ఫుట్‌బాలు మన ఫుట్‌బాలు కాదు, బంతిని చంకన పెట్టుకొని పరుగెత్తే ఆట. పడమటి తీరపు విశ్వవిద్యాలయాలు 'పాక్-12' అని ఒక జట్టుకట్టుగా ఇరుగు పొరుగున ఆడుకొనేవి. టెలివిజను వాళ్ళిచ్చే డబ్బు కోసం, 2024లో పది విశ్వవిద్యాలయాలు వేరే కూటములకు వెళ్ళిపోయినాయి. పన్నెండింట మిగిలినవి రెండు! లాస్ ఏంజిల్స్ జట్లు చేరిన కూటమి పేరు 'బిగ్ టెన్'. పేరుకు పది, ఉన్నవి పద్దెనిమిది. ఆ కూటమిలోని ఒక జట్టు న్యూజెర్సీలో ఉన్నది, దగ్గర దగ్గర నాలుగువేల కిలోమీటర్లు. అభిమానులు కొందరు పెద్ద జట్లతో ఆట దొరికిందని మురిసిపోతే, కొందరు పాత పొరుగుపోటీ పోయిందని కుమిలిపోతున్నారట. అక్కడ డబ్బు గీసిన గీత, ఇక్కడ కచేరీ గీసిన గీత. ఏడ్చేవాడి ఏడుపు మాత్రం ఒకటే.

మరునాడు అత్తయ్యగారితో లక్షెట్టిపేట, జన్నారం అడవి, ఉట్నూరు మీదుగా ఆదిలాబాదు చేరాను. దారి పొడుగునా పత్తిచేలు తెల్లగా విచ్చుకొని ఉన్నాయి. పెళ్ళిలో ఒక పిల్లవాని తండ్రికి పీడీ సారు కథ చెప్పి, మళ్ళీ అందరూ ఒకటైతే బాగుండునన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

"ఒకటెట్లయితమండి? మా పిల్లగాడు ఆటకని వరంగల్లు పోవాలంటె రెండు వందల యాభై కిలోమీటర్లకు పైనే. నిర్మల్ మీదికెళ్ళి పోతే కరీంనగర్ దాటుకొని పోవాలె. అక్కడోళ్ళకు ఊళ్ళెనే విశ్వవిద్యాలయం. మాకు సొంతంగ ఒకటుండాలె."

నేను జవాబు చెప్పలేకపోయాను. బస్సులోని కుర్రవాడికీ, ఈ తండ్రికీ కావలసినది తమ వంతు. పీడీ సారుకు కావలసినది పాత పొత్తు. ఎవరిని కాదనగలం? గీతలు ఎన్ని గీసినా గీయనీయండి. పిల్లలకు అవకాశాలు పెరిగితే సంతోషమే. కాని ఏడాదికొక్కసారైనా గోదావరికి అటువాళ్ళూ ఇటువాళ్ళూ ఒక కోర్టులో నిలబడేటట్లు, ఒక ఏడు ఈ ఒడ్డున, ఒక ఏడు ఆ ఒడ్డున, ఒక పోటీ పెట్టడానికి పెద్ద ఖర్చు కాదు. రెండు విశ్వవిద్యాలయాల పెద్దలూ తలచుకొంటే ఒక్క ఉత్తరంతో అయ్యే పని.

తిరుగు ప్రయాణంలో మంచిర్యాలలో అత్తయ్యగారిని దింపి ఇవతలికి వస్తుంటే, ఆ మైదానం ప్రక్కగానే బస్సు వచ్చింది. సున్నపు గీతలు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. వచ్చే ఆదివారం వంతు ఖనిదని పిల్లలు అప్పుడే చెప్పుకొన్నారు. తాతగారు ఈసారి ఈల ఊదుతారో, లేదో!