మబ్బులో బీరువా

పిల్లలూ! మీ బడిలో హెడ్మాస్టరుగారి గదిలో పెద్ద ఇనుప బీరువా వుంటుంది, చూశారు కదూ? అందులో వుండేవి బెత్తాలనుకునేరు! అడ్మిషన్ రిజిస్టర్లు.

నేను గార్లలో హెడ్మాస్టరుగా వున్న రోజుల్లో, యెప్పుడో ముప్ఫయి యేళ్ళ కిందట చదువుకున్నవాళ్ళు రైలు దిగి తిన్నగా బడికి వచ్చేవారు. "సార్, నా పుట్టినతేదీ సర్టిఫికెట్ కావాలి" అనేవారు. అడ్మిషన్ నంబరు తెలిస్తే అయిదు నిమిషాల్లో పని అయిపోయేది. తెలియకపోతే ఒక్కొక్క పేజీ తిప్పుతూ పూటంతా కూచోవలసి వచ్చేది. రెండు సందర్భాల్లోనూ ఆ పేరు బీరువాలోనే వున్నది. దాని దగ్గరికి దారి తెలియడంలోనే వున్నది తేడా అంతా. దాచడం ఒక పని. దాచినది మళ్ళీ దొరికేటట్టు దాచడం మరొక పని.

ఇప్పుడు చాలా ఇళ్ళలో కాగితాలను ఫోనుతో ఫోటో తీసి "క్లౌడు"లో దాస్తున్నారు. క్లౌడంటే మబ్బు. కాని నిజంగా అక్కడ మబ్బూ లేదు, వానా లేదు. పెద్ద పెద్ద భవనాలు, వాటిలో రాత్రింబవళ్ళు పనిచేసే వేలాది కంప్యూటర్లు, అవి వేడెక్కకుండా చల్లబరిచే యంత్రాలు వుంటాయి. మీరు ఒక ఫైలును అప్‌లోడ్ చేయగానే అది చిన్న చిన్న ముక్కలై ఇంటర్నెట్టు మీదుగా ప్రయాణం చేసి, అక్కడ మళ్ళీ ఒకటవుతుంది. ఒక యంత్రం చెడినా పోకుండా దానికి నకళ్ళు కూడా వుంచుతారు. అమెజాన్ సంస్థ 2022 నవంబరులో మన హైదరాబాదులోనే అటువంటి కేంద్రాలను ప్రారంభించింది. అంటే, మబ్బు మనకు అంత దూరంలో లేదన్నమాట!

ఇంట్లో బీరువా వుండగా ఇదంతా యెందుకంటారా? 2024 సెప్టెంబరు 1వ తేదీన కురిసిన వానలకు మన జిల్లాలో కేసముద్రం దగ్గర రైలుకట్ట కొట్టుకుపోయి, పట్టాలు గాలిలో వేలాడాయి. ఖమ్మంలో మున్నేరు ఇళ్ళలోకి వచ్చింది. అక్కడ మా బంధువుల అమ్మాయి మార్కుల మెమోలు నీళ్ళలో నాని ముద్దయిపోయాయి. ఆ పిల్ల ఒకటే యేడుపు. "ఏడవకమ్మా, ఫోటోలు తీసి క్లౌడులో పెట్టాను" అన్నాడు తండ్రి. తీరా తెరిచి చూస్తే పెళ్ళి ఫోటోలు, పండగ ఫోటోలు, పొద్దున్నే వచ్చే పువ్వుల బొమ్మలు - అన్నీ కలిసి ఆరువేలు! ఒక్కదానికీ పేరు లేదు; అన్నిటికీ అంకెలే. ఇంటిల్లిపాదీ రెండు రాత్రులు వెతికితే చివరికి మెమో దొరికింది. దానిమీద హాల్‌టికెట్టు నంబరు చూసి, కొత్త మెమోకు దరఖాస్తు పెట్టుకున్నారు. పేరు పెట్టి వుంటే అది రెండు నిమిషాల పని.

కనక మొదటి సూత్రం: ప్రతి ఫైలుకూ పేరు పెట్టండి. ముందు సంవత్సరం, తరవాత నెల, ఆ తరవాత తేదీ, చివర విషయం: "2025-04-30 పదో తరగతి మెమో" అని. సంవత్సరం ముందెందుకు? కంప్యూటరు పేర్లను యెడమ నుంచి చూసుకుంటూ వరస పెడుతుంది. తేదీ ముందు వేస్తే 2023 డిసెంబరు 5, 2019 జూన్ 10 కన్న ముందు వచ్చి కూచుంటుంది!

రెండోది: ఇంట్లో మనిషికొక ఫోల్డరు, అందులో చదువు, ఆరోగ్యం అని రెండు మూడు చిన్న ఫోల్డర్లు చాలు. డబ్బాలో డబ్బా, దానిలో డబ్బా పెడితే పెట్టినవాళ్ళకే తోచదు.

మూడోది: అప్‌లోడ్ అయిన తరవాత ఫైలును మరొక ఫోనులో తెరిచి, అక్షరాలు చదవవస్తున్నాయో లేదో చూడండి. కొన్ని యేర్పాట్లలో ఫోనులో చెరిపితే క్లౌడులో కూడా చెరిగిపోతుంది. గూగుల్ డ్రైవ్‌లో చెరిపినవి చెత్తబుట్టలో ముప్ఫయి రోజులు మాత్రమే వుంటాయి. అందుకని ఇంట్లో మరొక నకలు వుండాలి.

పెద్దలకు ఒక మాట. ఫోటో ఫోటోయే, అసలు కాదు. కేంద్ర ప్రభుత్వం 2015లో ప్రారంభించిన డిజిలాకర్‌లో రెండు రకాల పత్రాలుంటాయి. ఆయా శాఖలు నేరుగా అందులోకి జారీ చేసినవి అసలు పత్రాలతో సమానమని 2017లో నిబంధన వచ్చింది. మనం ఫోటో తీసి యెక్కించినవి నకళ్ళే. అలాగే, పాస్‌వర్డు మీ బీరువా తాళంచెవి. ఫోనుకు వచ్చే ఓటీపీ యెవరడిగినా చెప్పకండి.

మన గార్లకు దగ్గర్లోనే బయ్యారం చెరువున్నది. కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ 13వ శతాబ్దంలో అక్కడ శాసనం వేయించింది. అందులో కాకతీయుల పూర్వీకుల పేర్లు వరసగా చెక్కి వుండబట్టే, ఎనిమిది వందల యేళ్ళ తరవాత కూడా చరిత్రకారులు ఆ వంశక్రమం చెప్పగలుగుతున్నారు. రాయి నిలవడం ఒక యెత్తు; ఎవరి తరవాత ఎవరో రాసి వుండడం మరొక యెత్తు.

ఈ ఆదివారం అమ్మనో నాన్ననో పక్కన కూచోబెట్టుకుని, ఇంట్లో ముఖ్యమైన కాగితాలు పది మాత్రం తీసుకోండి. పేర్లు పెట్టి, యెక్కించండి. తరవాత వారిని ఒక్క కాగితం అడగమనండి. నిమిషంలో తీసి చూపించారా, మీ మబ్బు బీరువా సిద్ధమైనట్టే!