గోడకు అవతలి వైపు

సివిల్ ఇంజినీరింగ్ చదివే పిల్లలకు కాంక్రీటు గురించి మొదట చెప్పే మాట ఒకటుంది: నొక్కితే ఓర్చుకుంటుంది, లాగితే ఓర్చుకోదు. లాగుడుకు దానికున్న బలం, నొక్కుడుకు ఉన్న బలంలో సుమారు పదో వంతు. ఆ లోటు పూడ్చడానికే ఇనుప చువ్వలు వేస్తాం. ఈ ఒక్క మాట ఆసరాగా నా ఉద్యోగం చాలాకాలం సాఫీగా సాగిపోయింది. బీములు, స్తంభాలు, స్లాబులు, నీళ్ల ట్యాంకులు, అన్నీ నెమ్మదిగా బరువెక్కేవే. మనుషులు వచ్చి చేరతారు, సామాను చేరుతుంది, నీళ్లు నిండుతాయి. ఎవరికీ తొందర ఉండదు.

తర్వాత పని మారింది. పెద్ద యంత్రాలున్న చోట తిరిగే భాగం ఏదైనా విరిగి ఎగిరొస్తే అడ్డుకోవాల్సిన గోడల లెక్కలు నా బల్ల మీదికి రాసాగాయి. పదార్థం అదే, సిమెంటూ ఇసుకా కంకరా అవే. కాలం ఒక్కటే మారింది. నిమిషాల్లో పడే బరువు స్థానంలో సెకనులో వేల వంతుల్లో తగిలే దెబ్బ వచ్చింది.

కాంక్రీటు బలం కొలిచే మన క్యూబు పరీక్షలో కాలం ఎక్కడుందో అప్పుడే మొదటిసారి వెతికాను. 150 మిల్లీమీటర్ల ఘనాన్ని 28 రోజులు నీళ్లలో ఉంచి, తీసిన వెంటనే తడితోనే యంత్రం కింద పెడతారు. బరువు ఎంత వేగంగా పెంచాలో కూడా ప్రమాణం చెబుతుంది: చదరపు సెంటీమీటరుకు నిమిషానికి 140 కిలోల చొప్పున. ఆ లెక్కన ఎం25 గ్రేడు కాంక్రీటు క్యూబు పగలడానికి రెండు నిమిషాలు అటూ ఇటూగా పడుతుంది. అంటే 25 అనే ఆ అంకె రెండు నిమిషాల అంకె. రిపోర్టులో బలం రాస్తారు కానీ వ్యవధి రాయరు. నిదానమే ప్రధానం అన్న సూత్రాన్ని ఇంతగా పాటించే పరీక్ష మరొకటి ఉంటుందా అనిపించింది.

వ్యవధి కుదిస్తే అంకె పెరుగుతుంది. బరువు త్వరగా వేస్తే కాంక్రీటు ఎక్కువ బలం చూపుతుందని అమెరికాలో డఫ్ అబ్రామ్స్ 1917లోనే ప్రకటించాడు. ఆ తర్వాత జరిగిన పరీక్షలు దీన్ని చాలా దూరం తీసుకెళ్లాయి. పేలుళ్లలో, తూటా దెబ్బల్లో ఉండే వేగాల దగ్గర నొక్కుడు బలం ఇంచుమించు రెట్టింపు అవుతుంది. లాగుడు బలమైతే ఐదారు రెట్లకు కూడా చేరుతుంది.

ఎందుకలా? నెమ్మదిగా విరిచేటప్పుడు పగులుకు దారి వెతుక్కునే తీరిక ఉంటుంది. గట్టి కంకరరాయిని తప్పించుకుని, దాని చుట్టూ ఉన్న బలహీనమైన సిమెంటు పొరలోంచి పోతుంది. తొందరపెడితే ఆ తీరిక ఉండదు, రాయిని చీల్చుకునే పోవాలి. రెండో కారణం నీరు. మామూలు పరీక్షలో తడి కాంక్రీటు పొడి కాంక్రీటు కన్నా కాస్త తక్కువ బలం చూపుతుంది. అదే దెబ్బ వేగంగా తగిలితే, సూక్ష్మ రంధ్రాల్లోని ఆ నీరే జిగటగా అడ్డుపడి రంధ్రాల గోడలు విడిపోకుండా పట్టుకుంటుంది. నిదానంలో లోపమైనది వేగంలో బలమైంది. మూడోది జడత్వం. పై నుంచి నొక్కినప్పుడు పక్కలకు ఉబ్బాల్సిన కాంక్రీటుకు కదిలే వ్యవధి చాలక, లోపలి భాగాన్ని తానే బిగించి పడుతుంది. నొక్కుడు పరీక్షల్లో కనిపించే అదనపు బలంలో పదార్థం సొంతం ఎంత, ఈ బిగింపు ఇచ్చిన అరువు ఎంత అన్న వాదన పరిశోధకుల మధ్య ఉండనే ఉంది.

ఇంతవరకు చదివిన ఇంజినీరు ఎవరైనా సంతోషిస్తాడు. ఆపద ఎంత వేగంగా వస్తే గోడ అంత గట్టిపడుతుందంటే ఇంకేం కావాలి? కానీ ఈ లెక్కలన్నీ దెబ్బ తగిలిన చోటు గురించినవి. గోడకు రెండో ముఖం కూడా ఉంటుంది.

దాని సంగతి తెలియాలంటే కేంబ్రిడ్జి ఆచార్యుడు బెర్‌ట్రమ్ హాప్కిన్సన్ దగ్గరికి వెళ్లాలి. పేలుడు ఒత్తిడిని కొలవడానికి ఆయన 1914లో ఒక ఉపాయం ప్రచురించాడు. పొడవాటి ఉక్కు కడ్డీ, దాని చివర అదే మందంతో విడిగా అతికించిన చిన్న ముక్క. ఈ కొసన పేలుడు జరిగితే కడ్డీ అక్కడే ఉంటుంది, ఆ కొసనున్న ముక్క మాత్రం ఎగిరిపోతుంది. క్యారం బోర్డు మీద వరసగా ఆనించి పెట్టిన కాయిన్లను స్ట్రైకర్‌తో కొడితే చివరి కాయిన్ ఒక్కటే విడివడి పోవడం మనందరం చూసిందే. నొక్కుడు తరంగం కడ్డీ వెంట పరుగెత్తి కొస చేరుతుంది. అక్కడ ఆనుకోవడానికి ఏమీ ఉండదు. ఆసరా లేని అంచు నుంచి అది లాగుడు తరంగంగా మారి వెనక్కి తిరుగుతుంది. అతుకు నొక్కుడును ఓర్చింది కానీ లాగుడును ఓర్చలేదు, అందుకే ముక్క విడిపోయింది.

కాంక్రీటు గోడ మొత్తం అలాంటి అతుకే అనుకోవాలి. మంచి కాంక్రీటులో తరంగం సెకనుకు సుమారు 4,000 మీటర్ల వేగంతో పోతుంది. 300 మిల్లీమీటర్ల గోడను దాటడానికి సెకనులో పది లక్షల వంతులు 75 చాలు. దూసుకొచ్చిన ఇనుప ముక్క ముందు ముఖంలో ఇంకా కొద్దిగా మాత్రమే దిగబడి ఉండగానే, దాని కబురు వెనక ముఖానికి చేరి, లాగుడుగా మారి, తిరుగు ప్రయాణం మొదలుపెడుతుంది. లాగుడు బలం ఐదారు రెట్లు పెరిగినా సరే, వచ్చిన తరంగం అంతకు మించినదైతే వెనక పెచ్చు లేస్తుంది. ఊరికే రాలిపడదు, వేగంగా ఎగురుతుంది. గోడ నిలబడే ఉంటుంది. ఇనుప ముక్క గోడలోనే చిక్కుకుపోయి ఉంటుంది. అవతల గదిలో మాత్రం గోడ నుంచి పుట్టిన రాళ్లు తూటాల్లా పోతుంటాయి.

దీన్ని ఆయుధంగా మార్చుకున్నవాళ్లూ ఉన్నారు. 1940లలో బ్రిటన్‌లో చార్ల్స్ డెనిస్టన్ బర్నీ, కాంక్రీటు కోటలను ఛేదించడానికి ఒక గుండు తయారుచేశాడు. అందులోని మెత్తటి పేలుడు పదార్థం గోడకు ముద్దగా అంటుకుని, ఆ తర్వాత పేలుతుంది. గోడకు రంధ్రం పెట్టాలన్న ఆలోచనే దానికి లేదు. లోపలి ముఖం ఊడి లోపలివాళ్ల మీద పడితే దాని పని అయిపోయినట్టే. తర్వాత యుద్ధ ట్యాంకుల మీదా అదే పద్ధతి వాడారు.

ఇవన్నీ తెలిశాక నా బల్ల మీది లెక్క వేరుగా కనబడింది. రెండో ప్రపంచ యుద్ధ కాలపు అమెరికా పరీక్షల నుంచి పుట్టిన సూత్రాలను, ఎన్‌డీఆర్‌సీ సూత్రాలని పిలిచేవాటిని, ఇప్పటికీ వాడుతున్నాం. 150 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న ఇనుప వస్తువు, చాలా మందమైన కాంక్రీటులో 300 మిల్లీమీటర్ల లోతు దిగబడే వేగంతో వచ్చిందనుకోండి. అది గోడను దాటిపోకుండా ఉండాలంటే కావలసిన మందం 570 మిల్లీమీటర్లు. వెనక పెచ్చు ఊడకుండా ఉండాలంటే 726. ఈ రెండింటి పైన భద్రత కోసం మరికొంత కలపాలి, అది వేరే సంగతి. నా కన్ను ఆగింది ఆ రెండంకెల మధ్య ఉన్న 156 దగ్గర. వస్తువును ఆపడానికి ఆ 156 మిల్లీమీటర్ల కాంక్రీటు అక్కర్లేదు. అది పూర్తిగా అవతల నిలబడ్డ మనిషి కోసం పోసే కాంక్రీటు.

ఇలాంటి గోడల మాట వస్తే అందరూ ముందు గుర్తుచేసేది 1988లో న్యూమెక్సికోలోని శాండియా ప్రయోగశాల తీసిన వీడియో. రాకెట్లతో తోసిన ఎఫ్-4 ఫాంటమ్ యుద్ధ విమానం సెకనుకు 215 మీటర్ల వేగంతో కాంక్రీటు దిమ్మెను ఢీకొని పొడి పొడి అవుతుంది. దిమ్మె మీద ఇంజిన్లు చేసిన గుంట 60 మిల్లీమీటర్లు. చూసినవాళ్లు కాంక్రీటు ముందు విమానం ఎంత అనుకుంటారు. కానీ ఆ దిమ్మె మందం 3.66 మీటర్లు, పైగా దాన్ని నేలకు బిగించలేదు, వెనక్కి జరిగేలా గాలి పొర మీద ఉంచారు. విమానం నలుగుతున్నంతసేపూ ఏ క్షణాన ఎంత బలం పడుతోందో కొలవడం వాళ్ల ఉద్దేశం. విమానం ఢీకొంటే ఎంత బలం పడుతుందో చెప్పేందుకు హోర్హె రియేరా 1968లో ఇచ్చిన లెక్కను ప్రయోగంతో సరిచూసుకోవడానికి అలాంటి కొలతలే కావాలి. పలచని రేకుల విమానం ముక్కు నుంచి తోక దాకా నలగడానికి సెకనులో పదో వంతు దగ్గర్లో పట్టింది. మనకది రెప్పపాటు. కాంక్రీటుకు మాత్రం చాలా పొడుగాటి కాలం, తరంగం ఆ దిమ్మెలో పదుల సార్లు వెళ్లొచ్చేంత. నలిగే విమానం సంగతి వేరు, నలగని ఇరుసు ముక్క సంగతి వేరు. ఇనుప ముక్క ముందు నిలబడాల్సిన మామూలు మందం గోడకు, దాని వెనక కూర్చునే ఆపరేటరుకు ఆ వీడియో ఏ హామీ ఇవ్వదు.

మందం పెంచడానికి చోటు లేనప్పుడు వేరే దారులున్నాయి. కాంక్రీటు గ్రేడు పెంచితే ముక్క తక్కువ లోతు దిగబడుతుంది. కానీ గ్రేడు పెరిగేకొద్దీ పెళుసుదనమూ పెరుగుతుంది. వెనక ముఖం దగ్గర చువ్వలు దగ్గర దగ్గరగా వేస్తే పెద్ద పెచ్చులను పట్టి ఆపుతాయి. చువ్వలకు బయట ఉన్న కాంక్రీటు పొరను, అంటే కవర్‌ను మాత్రం అవి ఏమీ చేయలేవు. ఉక్కు పీచు కలిపితే ముక్కలు చెదరడం తగ్గుతుంది. వెనక ముఖానికి ఉక్కు పలక బిగిస్తే పెచ్చు ఊడినా దాని వెనకే ఆగిపోతుంది. గమనిస్తే వీటిలో సగం అవతలి వైపు చేసే పనులే.

ఖర్చు దగ్గర పేచీ తప్పదు. "వస్తువు ఆగుతుందని మీ లెక్కే చెబుతోంది కదా సార్, ఈ అదనం ఎందుకు?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఆపడం వేరు, కాపాడటం వేరు అని జవాబిస్తాను. అది వినడానికి బాగుంటుంది కానీ దానితో ఏ బిల్లూ పాసవదు. కాబట్టి డ్రాయింగులోనే రెండు మందాలూ పక్కపక్కన రాస్తున్నాను, ఒకటి యంత్రం వైపు నుంచి చూసిన లెక్క, రెండోది మనిషి వైపు నుంచి చూసిన లెక్క. చిన్న అంకెను ఎంచుకోవాలనుకున్నవాళ్లు గోడకు అవతల ఎవరూ ఉండరని రాసి సంతకం పెట్టాలి.