ఆరెక్స్ పికప్పు కబుర్లు

ఏమండీ, మీ ఇంట్లో ఆరెక్స్ హండ్రెడ్ ఉందా? షెడ్డులో పాత దుప్పటి కింద, నాన్నగారు ఎవర్నీ ముట్టుకోనివ్వని బండి? ఉంటే అదృష్టవంతులు. లేకపోయినా చదవండి, రేపో మాపో కొనకుండా ఉండలేరు. మన జగదల్‌పూర్‌లో రెండు వీధుల అవతల అది పోతున్నా మాట ఆపి చెవులు రిక్కించే జనం ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళలో మీరూ ఒకరని నాకు తెలుసులెండి.

1985లో వచ్చింది, 1996లో తయారీ ఆగిపోయింది. 98 సీసీ. బోరు 50 మిల్లీమీటర్లు, స్ట్రోకూ 50. పదకొండు గుర్రాల బలం. బండి బరువు నూరు కిలోలకి కాస్త పైన. ఇంత తేలికైన ఒంట్లో అంత చురుకు పెట్టిన యమహా వాళ్ళకి దండం పెట్టాలి. మన బైలడిల్లా ఇనుపరాయి 1960ల చివర్నుంచి కేకే రైల్వే లైను మీద విశాఖ రేవుకీ, అక్కణ్ణించి జపాన్‌కీ పోయింది కదా? బదులుగా జపాన్ వాడి బుర్ర ఆరెక్స్ రూపంలో మన వీధిలోకొచ్చిందని నేను లెక్క వేసుకుంటాను. బేరం నాకు నచ్చింది!

సరే, అసలు సంగతికొస్తా. మీకు రెండూ కావాలి. పొద్దున సంజయ్ మార్కెట్‌కి కూరలకి వెళ్ళాలి. వీలైనప్పుడు శ్రీపెరుంబుదూర్ దగ్గర మద్రాసు ట్రాక్ మీద 402 మీటర్లు, అదే పావు మైలు, విల్లు వదిలిన బాణంలా పోవాలి. జాతీయ డ్రాగ్ పోటీలు అక్కడ జరుగుతుంటాయి. బెంగళూరు హేమంత్ ముద్దప్ప లాంటివాళ్ళు పెద్ద బళ్ళతో అక్కడే పేరు తెచ్చుకున్నారు. మన టూ-స్ట్రోక్ పిట్టలకీ విడిగా తరగతులు ఉంటూ వచ్చాయి. కోరిక మంచిదే, నేనెందుకు కాదంటాను?

కానీ మీ జేబులో ఉన్న ఆ చీటీ ఉంది చూశారూ, దాని మీదే నా కోపం. పెద్ద కార్బొరేటరు, రేసింగ్ సైలెన్సరు, లేతు మీద బాగా కోసిన హెడ్డు. అన్నీ ‘పెద్ద’వే! ఒకదానికొకటి పడుతుందా అని ఒక్కసారైనా అడిగారా? దసరాకి దంతేశ్వరమ్మ రథం లాగడం చూస్తారుగా. ఎంతమంది పట్టినా తాళ్ళు ఒక్క ఊపులో బిగిస్తేనే అది కదులుతుంది. ఇంజనూ అంతే. ప్రతి ముక్కా ఒకే ఆర్‌పీఎం దగ్గర బలం చూపాలి.

ఆరెక్స్ పుట్టుకతో 7,500 దగ్గర పూర్తి బలం ఇస్తుంది. సైలెన్సరు 10,000కి కొలిచిందీ, బోరు పోర్టులు కంపెనీవీ అయితే ఏమవుతుంది? కిందా లాగదు, పైనా లాగదు. మధ్యలో మాత్రం చెవులు చిల్లులు పడేట్టు అరుస్తుంది. అరుపుని పికప్పు అనుకునేవాళ్ళు మన ఊళ్ళో తక్కువా?

ఆ సైలెన్సరు గురించి చెప్పనివ్వండి, నాకు మహా ఇష్టం. లోపల ముందు వెడల్పయ్యే శంకువు, తర్వాత బొజ్జ, చివర సన్నబడే శంకువు. పొగతో బయల్దేరిన ఒత్తిడి అల మొదటి శంకువు దగ్గర బోరులోని పాత పొగని గుంజుతుంది, వెంట కాస్త కొత్త పెట్రోలు గాలీ బయటికొస్తుంది. చివరి శంకువుకి కొట్టుకుని తిరిగొచ్చిన అల ఆ కొత్త గాలిని పోర్టు మూసుకునేలోపు మళ్ళీ లోపలికి తోస్తుంది. కదిలే భాగం ఒక్కటీ లేకుండా! పైపు పొడుగైతే అల ఆలస్యంగా వస్తుంది, బలం తక్కువ ఆర్‌పీఎంలో దొరుకుతుంది. పొట్టిదైతే ఎక్కువలో. తూర్పు జర్మనీలో ఎంజెడ్ కంపెనీ ఇంజనీరు వాల్టర్ కాడెన్ 1950లలో దీన్ని పదును పెట్టాడు. 1961లో ఆయన రైడరు ఎర్నెస్ట్ డెగ్నర్ స్వీడన్ రేసు నుంచి పారిపోయి, ఆ కిటుకులన్నీ సుజుకీకి చేరవేశాడు. మరుసటి ఏడే సుజుకీ మీద 50 సీసీ ప్రపంచ టైటిల్ కొట్టాడు. రేకు గొట్టం కోసం దేశం దాటారండీ!

అందుకే సైలెన్సరు ముందు ఎంచుకోండి. దానికి తగ్గట్టు ఎగ్జాస్ట్ పోర్టు ఎత్తు పెంచమనండి. ఒక్కసారి గీకేసిన ఇనుము మళ్ళీ అతకదు, పోర్టింగ్ చేసే ఆయన్ని తొందరపెట్టకండి. ఆ తర్వాతే కార్బొరేటరు. కంపెనీది 20 మిల్లీమీటర్లు. 24 అంటే నాకు అభ్యంతరం లేదు. 30 పెట్టారో, సిగ్నల్ దగ్గర గాలి నెమ్మదిగా పోయి పెట్రోలు సరిగ్గా విడిపోదు, బండి దగ్గుతుంది. కేష్కాల్ ఘాట్ మలుపుల్లో మరీ ఏడిపిస్తుంది.

ఇంకో మాట. మన ఊరు సముద్రానికి 550 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడి గాలి సముద్ర మట్టం కంటే ఐదారు శాతం పలచన. ఇక్కడ ప్లగ్గు చక్కటి కాఫీపొడి రంగు వచ్చిందని మురిసి కార్బొరేటరులో అదే జెట్టుతో మద్రాసు ట్రాక్ ఎక్కితే, చిక్కటి గాలికి పెట్రోలు చాలదు. వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. కాబట్టి ఒకటి రెండు నంబర్లు పెద్ద జెట్లు సంచిలో ఉండాల్సిందే. అక్కడ పెద్దదాంతో మొదలుపెట్టి, ప్లగ్గు చూసుకుంటూ కిందికి దిగండి.

క్లచ్ స్ప్రింగులా? గట్టివి ట్రాక్ మీద బాగుంటాయి. దసరా రాత్రుల్లో గోల్ బజార్ జనంలో ఎడం చెయ్యి ఏమవుతుందో మీరే ఆలోచించుకోండి. స్ప్రాకెట్ అయితే చవక, హాయి. ముందు 14 పళ్ళకి 13 వేస్తే మొదటి దూకుడు ఏడు శాతం పైగా పెరుగుతుంది. పోటీ అయ్యాక పాతది బిగించి ఇంటికొచ్చేయొచ్చు. రేసు సైలెన్సరూ అంతే, ట్రాక్ దగ్గరే బిగించండి. రోడ్డు మీద కంపెనీది ఉంచండి. చట్టం ఒప్పుకోదు సరే, పక్కింటి పసిపిల్ల నిద్రా చూడాలి కదా.

నా ఓటు 8,500 ఆర్‌పీఎంకి. పిస్టన్ సగటు వేగం అక్కడ సెకనుకి 14 మీటర్లు, 11,000 దగ్గర 18 దాటుతుంది. అంత వేగంలో రింగులూ బేరింగులూ ఎన్నాళ్ళుంటాయి? బజారుకీ పావు మైలుకీ ఒకే ఇంజను కావాలంటే 8,500 చాలు, ఆ పైన ఆశ వద్దు.

కాబట్టి ఆ చీటీ చింపేయండి. కొత్త కాగితం మీద ముందు ఆర్‌పీఎం అంకె ఒక్కటే రాయండి. సామాను పేర్లు దాని కిందే రాయాలి. రాశాక నాకు చూపించకుండా పైసా ఖర్చు పెట్టారో, ఊరుకోను!