ఒక్క అంగ వెడల్పు వాగు

మా అమ్మ ఆ వాగును మొదటిసారి చూసి, "ఇదా సరిహద్దు! మన తెనాలి పొలాల్లో పంట బోదె ఇంతకంటే వెడల్పుంటుంది కదండీ" అంది నాన్నతో. 1987 వేసవి అది. నాకు తొమ్మిదేళ్ళు. ఆ మాట వింటూనే నేను ఒక్క అంగలో అవతలికి దూకబోయాను. నాన్న జబ్బ పట్టుకుని వెనక్కి లాగాడు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి, ఆ రోజు గొంతు పెంచాడు. "అటు అడుగు పెడితే వేరే దేశం. కాపలావాళ్ళ దగ్గర తుపాకులుంటాయి" అన్నాడు. ఆ నీళ్ళు నా చీలమండ దాకా కూడా రావు. ఇవతలి గట్టున పచ్చగడ్డి, అవతలి గట్టునా అదే పచ్చగడ్డి. ఆ గడ్డి వెనకాల కాంక్రీటు గోడ. గోడ పైనుంచి ఇళ్ళ కప్పులూ పొగగొట్టాలూ కనబడుతున్నాయి.

వాగు పేరు టాన్‌బాఖ్. ఊరి పేరు మోడ్లారాయిట్. పట్టుమని యాభై మంది ఉండే పల్లె. కొండవాలుల మధ్య పల్లంలో కొన్ని రైతుల ఇళ్ళు, పశువుల కొట్టాలు, చుట్టూ గోధుమ చేలు, చేల చివర స్ప్రూస్ చెట్ల అడవి. ఊరి నడుమ నుంచి వాగు. వాగుకు ఇవతల ఉన్నది పశ్చిమ జర్మనీలోని బవేరియా రాష్ట్రం, అవతల ఉన్నది తూర్పు జర్మనీ. అమెరికా సైనికులు దీన్ని 'లిటిల్ బెర్లిన్' అని పిలిచేవారు. 1983 ఫిబ్రవరిలో అప్పటి అమెరికా ఉపాధ్యక్షుడు జార్జ్ బుష్ కూడా వచ్చి ఈ గోడను చూసి వెళ్ళాడు.

నాన్న దగ్గరలోని హోఫ్ పట్టణంలో ఒక నూలు మిల్లులో ఇంజనీరు. హోఫ్ చుట్టుపక్కల చలి ఎంతటిదంటే ఆ ప్రాంతాన్ని 'బవేరియా సైబీరియా' అంటారు. మేం ఉన్నది హోఫ్‌కు ఉత్తరాన టోపెన్ అనే ఊళ్ళో, ఒక పెద్దావిడ ఇంటి పైవాటాలో. ఆవిడను ఊళ్ళో పిల్లలందరూ 'ఓమా' అనేవారు, అంటే బామ్మ. నేనూ అలాగే పిలిచాను. ఓమా పుట్టింది మోడ్లారాయిట్‌లో, వాగుకు ఇవతలి ఒడ్డున. ఆవిడ చెల్లెలు ఉండేది అదే ఊళ్ళో, వాగుకు అవతలి ఒడ్డున.

ఆదివారం చర్చి అయ్యాక ఓమా నన్ను వెంటబెట్టుకుని మోడ్లారాయిట్‌కు నడిచేది. ఊరి పైన వాలు మీద ఒక చెక్క బల్ల ఉండేది. అక్కడ కూర్చుంటే గోడ అవతల కూడా కనబడేది: కాపలా బురుజు, గస్తీ జీపు, ఓమా చెల్లెలి ఇంటి కప్పు. ఓమా పొగగొట్టం వైపే చూసేది. పొగ వస్తుంటే "లేచింది, పొయ్యి రాజేసింది" అనేది. అటువాళ్ళు పొయ్యిల్లో లిగ్నైట్ బొగ్గు ఇటుకలు కాల్చేవారు. గాలి ఇటు తిరిగితే ఆ గంధకపు ఘాటు మా ముక్కులకు తగిలేది. నా మటుకు నాకు తూర్పు జర్మనీ అంటే చాలాకాలం ఆ వాసనే. గోడ మనుషుల్ని ఆపింది గాని పొగను ఆపలేకపోయింది.

ఒకసారి అవతలి పెరట్లో ఎవరో బట్టలు ఆరేస్తూ కనబడితే నేను లేచి చెయ్యి ఊపాను. ఆమె తల తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయింది. నాకు ఏడుపొచ్చింది. "నీ మీద కోపం కాదమ్మా. ఇటువైపు చెయ్యి ఊపకూడదని అక్కడ నిషేధం. ఊపితే వాళ్ళకే చిక్కు" అంది ఓమా.

"ఎప్పుడు గీశారు ఈ గీత?" అని అడిగాను. ఓమా నన్ను వాగు పక్కన ఉన్న ఒక పాత రాతి దగ్గరికి తీసుకెళ్ళింది. దాని మీద ఒకవైపు కె.బి. అని, ఇంకోవైపు ఎఫ్.ఆర్. అని జర్మన్ అక్షరాలు. బవేరియా రాజ్యం, రాయిస్ సంస్థానం అని వాటి అర్థం. పూర్వం ఒక ఒడ్డు బైరాయిట్ ప్రభువులది, రెండోది రాయిస్ ప్రభువులది. 1810లో బైరాయిట్ ప్రాంతం బవేరియాకు దక్కాక వాగు వెంట ఈ హద్దురాళ్ళు పాతారు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత రాయిస్ భూములు తురింగియా రాష్ట్రంలో కలిశాయి. రాజులు పోయారు, రాజ్యాలు పోయాయి, గీత మాత్రం వాగులోనే ఉండిపోయింది.

కానీ ఆ గీత ఎవరికీ అడ్డం రాలేదు. బడి, బీరు తాగే పానశాల తురింగియా ఒడ్డున ఉండేవి. చర్చి ఇటు టోపెన్‌లో. పిల్లలు చదువుకోసం అటు దాటేవారు, పెద్దలు ప్రార్థనకోసం ఇటు దాటేవారు. ఓమా అక్షరాలు దిద్దింది అవతలి ఒడ్డునే. చెల్లెలు 1950లో అవతలి ఒడ్డు అబ్బాయిని పెళ్ళి చేసుకుంటే, "ఊళ్ళోనే ఉంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు చూసుకోవచ్చు" అని వాళ్ళ అమ్మ సంతోషపడిందట.

ఆ సంతోషం రెండేళ్ళే నిలిచింది. 1949లోనే రెండు జర్మనీలు ఏర్పడ్డాయి. 1952 మే 26న తూర్పు జర్మనీ ప్రభుత్వం సరిహద్దును మూసేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. హద్దు వెంట 10 మీటర్ల మేర నేలను దున్ని చదును చేసి, అడుగు పడితే ఆనవాలు తెలిసేలా ఉంచారు. దాని వెనక 500 మీటర్ల రక్షణ పట్టీ, దాని వెనక 5 కిలోమీటర్ల నిషేధ మండలం. నమ్మదగనివాళ్ళని ముద్ర వేసి ఎన్నో కుటుంబాలను సరిహద్దు పల్లెల నుంచి బలవంతంగా లోపలి ప్రాంతాలకు తరలించారు. మోడ్లారాయిట్‌లో మొదట చెక్క పలకల కంచె లేచింది, తర్వాత ముళ్ళతీగ వచ్చింది. 1966లో 700 మీటర్ల పొడవున, 3 మీటర్లకు పైగా ఎత్తున కాంక్రీటు గోడ కట్టారు. గోడ కట్టింది తూర్పు జర్మనీ నేల మీద, వాగుకు కొంచెం లోపలగా. అందుకే ఆ రోజు నేను దూకబోయిన గడ్డి, గోడకు ఇవతల ఉన్నా కూడా, పరాయి దేశమే.

ఓమా వాళ్ళ అమ్మ 1961లో పోయింది. టోపెన్ చర్చి గంట మోగింది. చిన్నకూతురు ఆ గంట విన్నదో లేదో ఓమాకు చాలా ఏళ్ళు తెలియలేదు. రావడానికి మాత్రం అనుమతి దొరకలేదు. 1973 నుంచి సరిహద్దు జిల్లాల పశ్చిమ జర్మన్లకు ఒక రోజు పర్మిట్ మీద తూర్పు జిల్లాలకు వెళ్ళే వీలు వచ్చింది. ఓమా ఏడాదికి ఒకటి రెండుసార్లు హైవే మీది చెక్‌పోస్టు గుండా ష్లైట్స్ పట్టణానికి వెళ్ళి, అక్కడ ఒక కాఫీ హోటల్లో చెల్లెల్ని కలిసి వచ్చేది. చెల్లెలి ఇంట్లో మాత్రం అడుగు పెట్టనివ్వరు, అది నిషేధ మండలం కదా. వాలు మీంచి కప్పు కనబడే ఇంటి మనిషిని చూడటానికి అంత దూరం చుట్టు తిరగాలి.

తూర్పు జర్మనీలో పెన్షన్ వయసు దాటిన వాళ్ళను పశ్చిమానికి చుట్టపుచూపుగా పంపేవారు. ఆడవాళ్ళకు ఆ వయసు 60. చెల్లెలు పుట్టింది 1930లో. "ఇంక మూడేళ్ళు. ముసలిదైతే ఇంటికొస్తుంది" అని ఓమా వేళ్ళ మీద లెక్కపెట్టేది. తోడబుట్టినది త్వరగా ముసలిదవ్వాలని కోరుకునే మనిషిని నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

ఆ చెక్క బల్ల గురించి చెప్పాలి. ఒక చలికాలం మంచుకు నాని దాని కాలు విరిగింది. బవేరియాలో ప్రతి గెమైండె, అంటే పంచాయతీ లాంటిది, ఏడాదికి ఒక్కసారైనా ఊరందరినీ పిలిచి సభ పెట్టాలని చట్టం. ఆ ఏడాది ఓమా మమ్మల్నీ తీసుకెళ్ళింది. ఒక హాలు నిండా రైతులు, మా అమ్మ ఒక్కతే చీరలో. బుర్గర్‌మైస్టర్, అంటే మన సర్పంచ్, నీళ్ళ పైపుల గురించి, రోడ్ల గురించి లెక్కలు చదివాడు. ప్రజలు నేరుగా ఓటేసి ఆరేళ్ళకు ఎన్నుకునే పదవి అది. చిన్న ఊళ్ళలో జీతం ఉద్యోగం కాదు, గౌరవ వేతనంతో చేసే సేవ. తర్వాత ఓమా లేచి, "వాలు మీది బల్ల కాలు విరిగింది. నాకు కూర్చోవాలి" అంది. అంతే. ఎందుకని ఎవరూ అడగలేదు. వసంతం వచ్చేసరికి కొత్త బల్ల ఉంది. ప్రభుత్వం అంటే ఢిల్లీలో ఉండేదని నేననుకునేదాన్ని. బల్ల కాలు బాగుచేసేది కూడా ప్రభుత్వమేనని ఆ రోజు తెలిసింది.

1989 అక్టోబరు 1, ఆదివారం. ప్రాగ్‌లోని పశ్చిమ జర్మనీ రాయబార కార్యాలయంలో తలదాచుకున్న తూర్పు జర్మన్లను తెచ్చిన మొదటి రైళ్ళు హోఫ్ స్టేషనుకు వచ్చాయి. ఊరూరి నుంచి జనం దుప్పట్లు, పాలు, బొమ్మలు పట్టుకెళ్ళారు. అమ్మ పెద్ద గిన్నెడు పులిహోర కలిపి తీసుకెళ్ళింది. నా వయసు అబ్బాయి ఒకడు రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడు. నవంబరు 9న బెర్లిన్ గోడ తెరుచుకుంది. హోఫ్ వీధుల నిండా ట్రాబాంట్ కార్లు, వాటి నీలిపొగ. మోడ్లారాయిట్ గోడ మాత్రం ఇంకా మూసే ఉంది. ఊరి జనం కొవ్వొత్తులు పట్టుకుని రెండువైపులా నిలబడి దారి అడిగారు.

సరిగ్గా నెల తిరిగాక, డిసెంబరు 9న, గోడలో కాలినడక దారి తెరిచారు. ఓమా పొద్దున్నే వెళ్ళి నిలబడింది. ఆవిడ పక్కన నేను. చెల్లెలు గళ్ళ రుమాలు తలకు కట్టుకుని నడిచి వచ్చింది. ఇద్దరూ చాలాసేపు మాట్లాడలేదు. ఓమా ఇంట్లో కేకు చేసి, బల్ల మీద గుడ్డ పరిచి వచ్చింది. చెల్లెలు ఇంటికి రాలేదు. "ముందు అమ్మ దగ్గరికి" అంది. టోపెన్ శ్మశానంలో ఇరవై ఎనిమిదేళ్ళ నాటి సమాధి ముందు నిలబడి, "ఆ రోజు గంట విన్నాను" అంది. అప్పటికి ఆమెకు ఇంకా 60 నిండలేదు.

1990 జూన్ 17న బుల్డోజరు గోడను కూల్చింది. గుర్తుగా కొంత భాగాన్ని, కాపలా బురుజును అలాగే ఉంచి మ్యూజియం పెట్టారు. అక్టోబరు 3న రెండు జర్మనీలు ఒకటయ్యాయి. 1991లో మేం తిరిగి వచ్చేశాం.

ఆ తర్వాత మళ్ళీ వెళ్ళినప్పుడు నాకు ఆశ్చర్యం కలిగించింది ఒక్కటే: గీత ఇంకా ఉంది. ఇవతలి ఇళ్ళు బవేరియాలోని టోపెన్ పంచాయతీవి, హోఫ్ జిల్లా. అవతలి ఇళ్ళు తురింగియాలోని గెఫెల్ మున్సిపాలిటీవి, జాలె-ఓర్లా జిల్లా. ఇద్దరు మేయర్లు, రెండు పిన్‌కోడ్లు, రెండు ఫోన్ కోడ్లు. కారు నంబరు ఇటు 'హెచ్.ఓ.', అటు 'ఎస్.ఓ.కె.'. టోపెన్ పాలకవర్గానికి ఆరేళ్ళకు ఎన్నికలు, గెఫెల్ పాలకవర్గానికి ఐదేళ్ళకు. జనవరి 6 ముగ్గురు రాజుల పండగకు ఇవతలి పిల్లలకు సెలవు, అవతల లేదు. అక్టోబరు 31న అవతల సెలవు, నవంబరు 1న ఇవతల సెలవు. ఇటువాళ్ళు 'గ్రూస్ గాట్' అని పలకరిస్తారు, అటువాళ్ళు 'గూటెన్ టాగ్' అంటారు.

కలిపేయడానికి దారి లేక కాదు. 50 వేలకు మించని జనాభా ఉన్న ప్రాంతాన్ని రెండు రాష్ట్రాలు ఒప్పందం మీద మార్చుకోవచ్చని జర్మనీ రాజ్యాంగంలో 29వ అధికరణం చెబుతుంది. అయినా మార్చలేదు. మన కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలంలో తెలంగాణ, మహారాష్ట్ర రెండూ మావేనంటున్న ఊళ్ళున్నాయి. అక్కడా ఇద్దరేసి సర్పంచులు, రెండేసి రేషన్ కార్డులు. ఆ తగాదా వేరు, దాని కష్టాలు వేరు. కానీ అక్కడా ఇంటి నుంచి ఇంటికి నడవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

రాష్ట్రాలు విడిపోయినప్పుడూ, దేశాల మధ్య కంచెలు లేచినప్పుడూ నన్ను ఎవరైనా నీ అభిప్రాయం ఏమిటంటే, నేను గీత ఎక్కడ గీశారని అడగను. నాలుగు వందల ఏళ్ళుగా గీత ఉన్న ఊరు నాకు తెలుసు. అది ఇప్పుడూ ఉంది, ఎవరికీ కష్టం లేదు. మధ్యలో ముప్పై ఏడేళ్ళు మాత్రం నరకం. కనుక నేను అడిగేది ఒక్కటే, మీరూ అదే అడగండి: ఇవతల తల్లి పోతే, అవతలి కూతురు నడిచి రాగలదా?