రెక్కలు నేసే ఊరు

అమెరికా పడమటి తీరాన, సియాటెల్ నగరానికి ఉత్తరంగా సుమారు ఇరవై అయిదు మైళ్లు పోతే ఎవరెట్ అనే ఊరు వస్తుంది. ఒక ప్రక్క సముద్రపు పాయ, మరొక ప్రక్క దేవదారు చెట్లు, చలికాలమంతా సన్నని తుంపర. ఇక్కడి బోయింగ్ విమానశాల ఘనపరిమాణంలో ప్రపంచంలోకెల్లా పెద్ద కట్టడం. 1967లో 747 విమానం కోసం మొదలైంది. దాని చెంతనే 2016లో ఇంకొక శాల వెలిసింది. 777ఎక్స్ అనే విమానానికి రెక్కల భాగాలు తయారయ్యేది అందులోనే.

రెక్క అనగానే అల్యూమినియం రేకులు గుర్తుకు వస్తాయి. ఈ రెక్కకు ఆధారం మాత్రం కార్బన్ పోగులు, అంటే బొగ్గుదారాలు. తలవెంట్రుకకన్నా సన్నని ఆ పోగులను జిగురులో తడిపి, పట్టీలుగా చుట్టి, చల్లని గదిలో దాస్తారు. బయట ఉంచితే జిగురు ముదిరిపోతుంది మరి. మనం మంచానికి నవారు పరచినట్లు యంత్రపు చేయి ఆ పట్టీని అచ్చుమీద నిలువుగా, అడ్డంగా, ఏటవాలుగా పొరలు పొరలుగా పరుస్తుంది. రెక్కకు వెన్నెముకవంటి దూలం ఒక్కొక్కటి 108 అడుగుల పొడవు. దానికి పట్టే పట్టీ 400 మైళ్లకు పైన! హైదరాబాదునుంచి విశాఖపట్నందాకా పరచవచ్చు. చేతితో పరిస్తే ఈ పని ఎప్పటికి తెమిలేను? పట్టీల నడుమ సందు మిగిలితే అక్కడే బలం తగ్గుతుంది.

పరచిన దానిని సంచిలో బిగించి, గాలి తీసి, 120 అడుగుల పొడవూ 28 అడుగుల వ్యాసమూ గల ఉక్కు పొయ్యిలోకి నెడతారు. ఇంటి కుక్కరులో వలెనే వేడిమీ ఒత్తిడీ కలిసి పనిచేస్తాయి. ఒకసారి గట్టిపడిందా, కాలిన కుండ వంటిదే. వంకర దిద్దడం అసాధ్యం.

ఈ శాల ఊరికే రాలేదు. రెక్కల పని వేరే రాష్ట్రానికి తరలిపోతుందేమోనని ఊరు బెంగపెట్టుకున్న రోజులవి. పని ఇక్కడే ఉండాలంటే పాత పింఛను పద్ధతి వదులుకొమ్మన్నది కంపెనీ. 2013 నవంబరులో కార్మికులు కాదన్నారు. 2014 జనవరిలో మళ్లీ ఓటు జరిగితే 51 శాతం సరేనన్నారు. 2024లో 53 రోజులు సమ్మె చేశారు. జీతాలు నాలుగేళ్లలో 38 శాతం పెరిగే ఒప్పందం కుదిరింది గాని పింఛను తిరిగి రాలేదు.

యంత్రం వస్తే పని పోతుందని లోకమంతా భయపడుతుంది. ఆ యంత్రాల శాలను తమ ఊళ్లో నిలుపుకొనడానికి ఎవరెట్ కార్మికులు ముసలితనపు ఆసరానే ఒడ్డినారు.