నారింజ రంగు సముద్రపు చేపా, మన కాలవ పరిగా?

మేము అమరావతి దగ్గర హాస్టల్లో ఉండి డిగ్రీ చదివే యానాది పిల్లలం. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. మాలో ఒకడి వాళ్ల అక్క పనిచేసే ఇంటివాళ్లు ఊరు మారుతూ ఓ గాజు తొట్టి ఇచ్చేశారు. దాన్ని ఇంట్లో పెట్టుకుందామనుకున్నాడు. ఇంక చూడండి గొడవ! సగం మంది సినిమాలో చూసిన నారింజ రంగు సముద్రపు చేప కావాలన్నారు. కాలవ చేపల మాటెత్తితే, "అవి కూరలోకి గానీ తొట్టిలోకా" అని నవ్వారు. నవ్వింది బయటోళ్లు కాదు, మేమే. అది మాకు గుచ్చుకుంది.

సరే, లెక్క వేశాం. తొట్టి 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 లోతు. అంటే 54 లీటర్లు. సముద్రపు నీళ్లలో లీటరుకి దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది, అంటే ఒక్కసారి నింపడానికే రెండు కిలోలు. కూరలో వేసే ఉప్పు పనికిరాదు, అక్వేరియం కోసం అమ్మే ప్రత్యేకమైన ఉప్పే కొనాలి. నీళ్లు ఆవిరైపోతే ఉప్పు మిగిలిపోతుంది, చిక్కదనం పెరుగుతుంది. ఇది మాకెవరూ చెప్పనక్కర్లేదు, చినగంజాం ఉప్పు మళ్లల్లో మనవాళ్లు ఆ పని మీదే బతికారు. పైగా ఆ చేపలకి 25, 26 డిగ్రీల నీళ్లు కావాలి. మన మే నెల సంగతి మీకు తెలిసిందే, కరెంటు సంగతీ తెలిసిందే.

ఇంకో సంగతి. తొట్టెల్లో పెట్టే సముద్రపు చేపల్లో ఎక్కువ భాగం పగడపు దిబ్బల్లోంచి పట్టినవే. ఫిలిప్పీన్స్, ఇండోనేషియాల్లో సైనైడ్ చల్లి మత్తెక్కించి పట్టడం కూడా ఉంది. నారింజ చేపని మన దేశంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్లు తొట్టెల్లోనే పెంచి పిల్లలు తీయించారు, అది మంచిదే. కానీ మా జేబుకి అందదు.

ఇటు చూస్తే, పశ్చిమ కనుమల ఏళ్లల్లో పుట్టిన "మిస్ కేరళ" చేపని విదేశాల వాళ్లు డబ్బులు పోసి కొంటారు. మరీ ఎక్కువ పట్టేసి దాన్ని అంతరించే ప్రమాదంలోకి తెచ్చారనుకోండి. అందుకే మేము వానల్లో, గుడ్లు పెట్టే కాలంలో ముట్టుకోం.

పరిగెలు ఆరు చాలు, గుంపుగా తిరిగితేనే వాటికి ధైర్యం. మిరప, పత్తి చేల మురుగు కాలవల జోలికి వెళ్లొద్దు, అక్కడి నీళ్లలో పురుగుమందు ఉంటుంది. కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోవడానికి ఒక రోజు బకెట్లో ఉంచాలి. చేపల మలం నుంచి వచ్చే అమ్మోనియాని తినే బాక్టీరియా కుదురుకోవడానికి నెల పైనే పడుతుంది, కాబట్టి మొదట రెండే వేయాలి. కొరమీను వద్దు. అడుగు దాటి పెరుగుతుంది, పైకొచ్చి గాలి పీలుస్తుంది, మూత లేకపోతే ఎగిరి బయటపడుతుంది. మట్టగిడస మాటేంటని మాలో ఒకడి అమ్మని అడిగితే, "అదున్న గుంటలో పరిగె నిలుస్తుందా?" అంది. పుస్తకం తెరవకుండానే తేలిపోయింది.

షాపుల్లో "గాజు శుభ్రం చేస్తుంది" అని అమ్మే సక్కర్ చేపని మాత్రం ఎవరూ కొనొద్దు. అది దక్షిణ అమెరికాది. పెద్దదవగానే కాలవలో వదిలేస్తారు. ఇప్పుడు మన వలల్లో పడేదీ అదే, దాని ముళ్లకి వలలు చిరుగుతున్నాయి. దాన్ని ఎవరూ కొనరు. ఎవరిదో తొట్టి ఖాళీ అయితే, మా నాన్నలు కూర్చుని వల కుట్టుకోవాలి.

తొట్టిలో ఇప్పుడు నీళ్లూ ఇసుకా నాచూ ఉన్నాయి, వచ్చే నెల రెండు పరిగెలు వస్తాయి. మీ ఊళ్లో చేదు పరిగెని, మిగతా పరిగెల్ని ఏ పేర్లతో పిలుస్తారో ఇంట్లో పెద్దవాళ్లని అడిగి రాయండి.